ఆకలి లెక్కలు ఎలా చదవాలి

అభివృద్ధి చెందుతున్న దేశాల తిండి పరిస్థితి అంకెల్లో చూడాలంటే ముందు ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ల ఫావోస్టాట్ అనే ఆన్‌లైన్ గణాంకాల భాండాగారం తెరవండి, ఉచితమే. అందులో పోషకాహార లోపం శాతం, అంటే జనాభాలో సరిపడా తిండి అందనివాళ్ల వాటా, కనిపిస్తుంది. అది ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టింది కాదు, దేశంలో ఉన్న ఆహారం, అది జనానికి ఎంత అసమానంగా అందుతోంది అన్నవాటి నుంచి కట్టిన అంచనా. పైగా దేశాల వారీగా మూడేళ్ల సగటు ఇస్తారు కాబట్టి, నిన్నటి కరువు అందులో వెంటనే కనబడదు. ఏటా పాత సంవత్సరాల అంకెలనూ సవరిస్తారు, అందుకే పాత నివేదికలోని అంకెను కొత్తదాని పక్కన పెట్టి పోల్చకండి, మొత్తం వరుస తాజాగా దించుకోండి.

మనుషుల అనుభవం కావాలంటే ఫైస్ (FIES, తిండి దొరకని అనుభవాన్ని కొలిచే ఎఫ్ఏఓ సర్వే) చూడండి. డబ్బు లేక పూట మానేశారా, రోజంతా పస్తున్నారా లాంటి 8 ప్రశ్నలు నేరుగా జనాన్నే అడుగుతారు. నాకు ఎక్కువ నమ్మకం దీనిమీదే.

ఇప్పటి సంక్షోభానికైతే ఐపీసీ (IPC, ఆహార సంక్షోభం ఎంత తీవ్రంగా ఉందో దశలుగా చెప్పే అంతర్జాతీయ వర్గీకరణ) మ్యాపులు చూడండి. 5 దశలుంటాయి, 3 గానీ ఆపైన గానీ ఉంటే సాయం అత్యవసరం అన్నట్టే.

ఆదాయానికి ప్రపంచ బ్యాంకు డేటా ఉంది, తలసరి జీడీపీ ఒక్కటే చూసి ఆగిపోకండి, పక్కనే ఆహార ధరల పెరుగుదలా పెట్టుకోండి, పేద ఇంటి ఖర్చులో సింహభాగం తిండికే పోతుంది.