సీజీఏ గేమ్‌లో రంగుల బదులు చారలా? చిప్పుల జోలికి వెళ్లకండి

పాత ఐబీఎం పీసీల్లోని రంగుల గ్రాఫిక్స్ కార్డు సీజీఏ కోసం రాసిన గేమ్ మొదలవుతుంది. రంగుల బొమ్మ రావాల్సిన చోట నలుపు తెలుపు నిలువు చారలు వస్తాయి. వెంటనే కార్డు పోయిందని తేల్చేస్తారు.

ముందు డాస్ ప్రాంప్ట్‌కు (ఆదేశాలు టైపు చేసే చోటుకు) వచ్చి, ఫైళ్ల జాబితా చూపే డిర్ కొట్టండి. అక్షరాలు శుభ్రంగా ఉంటే కార్డులోని మెమరీ బాగున్నట్టే. చిప్పు పోతే అక్షరాలే మారిపోతాయి. అర నిమిషం పని, అయినా ఎవరూ చేయరు. మొదటిసారి నేనూ చేయలేదు. రెండు ఆదివారాలు చిప్పులు ఒక్కొక్కటే ఊడదీసి, కొత్తవి టంకం పెట్టాక తెలిసింది: కార్డుకు ఏ రోగమూ లేదు, నేను కేబుల్ పెట్టిన సాకెట్టే వేరు.

1981లో ఐబీఎం తెచ్చిన ఈ కార్డుకు వెనక 9 పిన్నుల సాకెట్ ఒకటి, రంగులన్నీ కలిపి ఒకే తీగలో టీవీకి పంపే (కాంపోజిట్) గుండ్రటి ఆర్‌సీఏ జాక్ ఒకటి ఉంటాయి. ఉన్న మెమరీ 16 కేబీ. అందులో 320×200కి నాలుగు రంగులు, 640×200కి రెండే పడతాయి. గేమ్‌లు రాసేవాళ్లు ఈ రెండు రంగుల మోడ్‌లోనే గారడీ చేశారు. ఇందులో చుక్కలు సెకనుకు సుమారు 1.43 కోట్ల వేగంతో వెళతాయి. అమెరికా ఎన్‌టీఎస్‌సీ టీవీలో రంగును మోసే సిగ్నల్ 3.58 మెగాహెర్ట్జ్, అంటే సరిగ్గా నాలుగో వంతు. దాంతో నాలుగు చుక్కలను టీవీ విడదీసి చూడలేక, వాటిలో ఏవి వెలిగాయన్నదాన్ని బట్టి ఒక రంగుగా చదువుకుంటుంది. అమరికలు 16. రెండు ఒకే బూడిద రంగు ఇస్తాయి కాబట్టి దక్కేవి 15. వెడల్పు 160కి పడిపోతుంది, పోనీండి.

9 పిన్నుల సాకెట్‌కు కలిపే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా తీసుకునే ఆర్‌జీబీ మానిటర్‌కు ఈ మాయ తెలియదు. ప్రతి చుక్కనూ ఉన్నదున్నట్టు చూపిస్తుంది. మీరు చూసే చారలు అవే.

కాబట్టి ఆర్‌సీఏ జాక్ నుంచి ఎన్‌టీఎస్‌సీ తీసుకునే టీవీకి కలపండి. దూరదర్శన్ కాలం నాటి పాల్ (మన దేశం వాడిన రంగుల పద్ధతి) టీవీ అటకమీంచి దింపకండి, దానికి పాల్ మాత్రమే వస్తే మళ్లీ నలుపు తెలుపే. ఆర్‌జీబీ మానిటర్ తప్ప మరోటి లేకపోతే, మొదట్లో మానిటర్ ఏదని అడిగే గేమ్‌లలో ఆర్‌జీబీ అని చెప్పండి. చారలు పోతాయి.

పాత డాస్ గేమ్‌లను కొత్త కంప్యూటర్‌లో ఆడించే డాస్‌బాక్స్ వాడేవాళ్లు దాని కాన్ఫిగ్ ఫైల్‌లో మెషీన్ అన్న వరుస చూడండి. అక్కడ మామూలుగా ఎస్‌వీజీఏ (తర్వాతి కాలపు కార్డు) రకం ఉంటుంది, దానికి కాంపోజిట్ అన్నదే లేదు. సీజీఏ అని మార్చండి. రంగులొచ్చినా ఆకాశం ఆకుపచ్చగా ఉంటే ఎఫ్11తో ఛాయ సరిచేసుకోవచ్చు. అసలు ఐబీఎం పీసీలో అయితే ఇందుకు మదర్‌బోర్డు మీద తిప్పి సరిచేసే చిన్న ట్రిమ్మర్ ఉంటుంది.

గోధుమరంగు రావాల్సిన చోట మురికి పసుపు వస్తోందా? ఐబీఎం 5153 మానిటర్ ఆ ఒక్క రంగులో ఆకుపచ్చను తగ్గించేది, ఆర్‌జీబీ సిగ్నల్‌ను కొత్త మానిటర్‌కు మార్చే మీ కన్వర్టర్ తగ్గించట్లేదు. వదిలేయండి. ఇక సయాన్, మెజెంటా, తెలుపు తప్ప ఏమీ రావట్లేదంటే అది రిపేరు కాదు, ఆ గేమ్ ఎంచుకున్న పాలెట్టే (రంగుల జట్టే) అంత.