మన కారు, మన చేతులతో – 6వ పాఠం: టై రాడ్ ముట్టుకోకముందు

గత పాఠంలో ముందు స్ట్రట్లు, అంటే షాక్ అబ్జార్బరు, స్ప్రింగు కలిసి ఉండే కాళ్లు, రెండూ మార్చాం. ఈసారి నేరుగా వీల్ అలైన్‌మెంటు, అంటే చక్రాలు సరైన కోణంలో నిలిచేలా దిద్దడం, చెప్పాలనుకున్నాను. కానీ ఈ నెలరోజులుగా వచ్చిన ఫోన్లు విన్నాక వెనక్కి వెళ్లక తప్పడం లేదు. కొత్త స్ట్రట్లు వేశాక శబ్దం వస్తోందని కొందరు, స్టీరింగు వంకరగా నిలుస్తోందని కొందరు, కారు ఎడమకు లాగేస్తోందని ఎక్కువమంది చెప్పారు. వారిలో చాలామంది అప్పటికే టై రాడ్లు (స్టీరింగు కదలికను చక్రాలకు అందించే కడ్డీలు) తిప్పేశారు. అదే నాకు బాధగా ఉంది. స్ట్రట్ బిగింపులో ఉన్న లోపాన్ని టై రాడ్‌తో దిద్దబోతే రెండూ చెడతాయి.

తేలికగా తేలేవి ముందు చూద్దాం.

స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే "టక్" మంటోందంటే మొదట స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీని స్ట్రట్‌కు కలిపే చిన్న రాడ్డు) నట్టు చూడండి. బిగించేటప్పుడు నట్టుతో పాటు లింకు రాడ్డు కూడా తిరుగుతుంది. కాసేపటికి పానా బరువెక్కి, బిగిసిపోయినట్టే అనిపిస్తుంది. రాడ్డు చివర ఉన్న గుంటలో అలెన్ కీ పెట్టి, దాన్ని కదలకుండా పట్టుకుని నట్టు తిప్పాలి. లింకు బాగుంటే బానెట్ ఎత్తి, స్ట్రట్ పై కొసను బాడీకి పట్టే పై మౌంటింగు నట్లు చూడండి. మధ్య నట్టు జోలికి మాత్రం, స్ప్రింగు కంప్రెసర్ అనే పనిముట్టుతో స్ప్రింగును నొక్కి పట్టకుండా, ఏ పరిస్థితిలోనూ వెళ్లకండి. కారు ఒక మూల బరువంతా మోసే స్ప్రింగు అది. వదిలితే మనిషిని చంపగలదు.

స్టీరింగు తిప్పుతుంటే "టంగ్" మని స్ప్రింగు ఎగిరిన శబ్దం వస్తోందా? స్ప్రింగు కింది కొస దాని గాడిలో చివరిదాకా ఆనలేదు, లేదా పై బేరింగు పట్టేసింది. కారు నేల మీదే ఉంచి, ఒకరిని స్టీరింగు మెల్లగా తిప్పమనండి. మీరు స్ప్రింగు బయటివైపు అరచేయి ఆనించండి. చుట్ల మధ్య వేలు పెట్టవద్దు. స్ప్రింగు మెలిపడి ఒక్కసారిగా వదలడం అరచేతికి తెలిసిపోతుంది.

బేరింగు పట్టేస్తే ఇంకో గుర్తు కూడా ఉంది. ఎడమ మలుపు తిరిగి వస్తే కారు ఎడమకే వెళ్తానంటుంది, కుడి మలుపు తిరిగి వస్తే కుడికే. ఆఖరి మలుపు దానికి గుర్తుండిపోతుంది. దీన్ని ఏ అలైన్‌మెంటు యంత్రమూ బాగుచేయలేదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో తిరిగే కార్ల బేరింగులు విప్పితే లోపల గ్రీజు ఉండవలసిన చోట ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తుంది. అందుకే స్ట్రట్ మార్చేటప్పుడు బేరింగు, మౌంటింగు, బంప్ స్టాపర్ (స్ట్రట్ పూర్తిగా అణిగి కొట్టుకోకుండా ఆపే రబ్బరు) కొత్తవి వేయమంటాను. ఇది నా పట్టుదల. పాతది బాగానే ఉంది కదా అని మిగుల్చుకున్నవారు మళ్లీ మొత్తం విప్పవలసి వచ్చింది.

ఇక ఎడమకు లాగడం. రాజోలు వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు.

"మేస్త్రిగారూ, కారు ఎడమకు లాగేస్తోందండి. టై రాడ్ ఒక చుట్టు తిప్పినా తగ్గలేదండి."

"ఎక్కడ నడిపి చూశారండి?"

"మా కాలువ గట్టు మీదే."

డెల్టాలో ఉన్నవాళ్లం ఇది గుర్తుంచుకోవాలి. మన గట్టు రోడ్లు చాలాచోట్ల ఒక పక్కకు వాలి ఉంటాయి. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి కూడా వాననీరు జారిపోవడానికి ఎడమ అంచు వైపు కాస్త వాలుగానే ఉంటుంది. ఏ లోపమూ లేని కారైనా ఆ వాలుకు కొంచెం జరుగుతుంది. కాబట్టి ఒకే గట్టు మీద వెళ్లి, తిరిగి రండి. వెళ్లేటప్పుడు కాలువ ఎడమన ఉంటే వచ్చేటప్పుడు కుడిన ఉంటుంది. రెండుసార్లూ కాలువ వైపే లాగితే లోపం రోడ్డుది. రెండుసార్లూ ఎడమకే లాగితే కారుది. ఆయన మర్నాడు అలాగే చూసి మళ్లీ ఫోన్ చేశారు. రెండుసార్లూ ఎడమకే లాగిందట.

అప్పుడు అడిగాను: "కింది రెండు బోల్టులు విప్పేముందు గీత గీశారా?"

గీయలేదు. ఫోన్ చేసినవారిలో దాదాపు ఎవరూ గీయలేదు. గత పాఠంలో ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాను. అది నా పొరపాటు. ఈసారి విడమరచి చెబుతాను.

స్ట్రట్ కింది కొసన రెండు చెవుల్లాంటి రేకులు ఉంటాయి. వాటి మధ్యలోకి నకిల్, అంటే చక్రం హబ్బు కూర్చునే ఇనుప దిమ్మ, దూరుతుంది. రెండు లావు బోల్టులు ఆ రెంటినీ కలిపి పట్టుకుంటాయి. ఆ రంధ్రాలు బోల్టు కంటే వెంట్రుకవాసి పెద్దవి. నట్లు వదులు చేసి హబ్బును పైభాగాన పట్టుకుని ఇటూ అటూ ఊపండి. కొద్దిగా కదులుతుంది. చేతికి ఏమంత అనిపించదు. లెక్క వేస్తే తెలుస్తుంది. రెండు బోల్టుల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు అనుకోండి. పై బోల్టు దగ్గర అర మిల్లీమీటరు జరిగితే చక్రం దాదాపు అర డిగ్రీ వాలుతుంది. ఎడమ వైపు అర మిల్లీమీటరు బయటికి, కుడి వైపు అర మిల్లీమీటరు లోపలికి ఉండగా బిగించారంటే రెండు చక్రాల మధ్య ఒక డిగ్రీ తేడా. చక్రం పైభాగం ఏ వైపు ఎక్కువ బయటికి వాలితే కారు ఆ వైపుకు లాగుతుంది. ఈ వాలునే క్యాంబర్ అంటాం.

దీనికి టై రాడ్ మందు కాదు. టై రాడ్ మార్చేది టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అన్నది. ఒక పక్క టై రాడ్ తిప్పితే కారు నడిచేటప్పుడు ఆ తేడాను రెండు చక్రాలూ చెరిసగం పంచుకుంటాయి. లాగడం లాగుతూనే ఉంటుంది, స్టీరింగు మాత్రం వంకర అవుతుంది, టైరు అరుగుతుంది. ఆ వంకరను కప్పిపుచ్చడానికి స్టీరింగు చక్రాన్నే ఊడదీసి ఒక పన్ను జరిపి పెట్టే మేస్త్రులు ఉన్నారు. అలాంటి కార్లు మా షెడ్డుకు వచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. యజమాని డబ్బిచ్చి టైర్లు పాడుచేయించుకున్నట్టే.

గీత ఎలా గీయాలి? బోల్టులు విప్పకముందు, పాత స్ట్రట్ చెవి అంచు వెంబడి నకిల్ మీద గీయాలి. చాక్‌పీస్ గీత చేయి తగిలితే పోతుంది. నేను విరిగిన హ్యాక్సా బ్లేడు కొసతో ఇనుము మెరిసేలా గీస్తాను. కొత్త స్ట్రట్ చెవి అంచును ఆ గీతకు కలిపి బిగిస్తే మొదటి కొలతకు దగ్గరగా వస్తుంది. బోల్టు తలను కదలకుండా పట్టుకుని నట్టు మాత్రమే తిప్పండి. చాలా బోల్టులకు మెడ దగ్గర పళ్లుంటాయి, బోల్టు తిప్పితే రంధ్రాన్ని కొరికేస్తాయి. ఆఖరి బిగింపు మీ కారు మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం) ప్రకారం.

గీయనివారు ఇప్పుడు చేయవలసింది ఇది. కారు లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రం తీసి, రెండు నట్లూ వదులు చేయండి. హబ్బు పైభాగాన్ని ఇంజను వైపుకు చేత్తో పూర్తిగా తోసి పట్టుకుని బిగించండి. రెండో వైపు కూడా ఇలాగే. మన నల్లరేగడిలో జాకీ దిగబడుతుంది, కింద మందపాటి చెక్క తప్పనిసరి. రెండు వైపులా ఒకేలా తోస్తే కనీసం తేడా తగ్గుతుంది. ఆ తర్వాత కొలవాలి. లోయర్ ఆర్మ్ (నకిల్‌ను కింద కారు చట్రానికి కలిపే చేయి) బోల్టు కూడా వదులు చేసినవారు దాన్ని చక్రాలు నేల మీద బరువు మోస్తుండగానే బిగించండి. వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

కొలత ముందు క్యాంబర్‌తో మొదలవుతుంది, ఎందుకంటే క్యాంబర్ మార్చితే టో కూడా మారుతుంది.

జాకీ దింపగానే కొలవకండి. చక్రాలు నేలను పట్టుకుని ఉంటాయి, స్ట్రట్ పూర్తిగా కూర్చోదు. బానెట్ మీద నాలుగైదుసార్లు నొక్కి, కారును పది అడుగులు ముందుకు నెట్టండి. వెనక్కి వద్దు. టైర్లలో గాలి తలుపు స్తంభం మీది చీటీలో ఉన్నంత ఉండాలి.

చదునైన నేల దొరకడం మనకు కష్టమే. రైసు మిల్లు సిమెంటు కళ్లం చూడడానికి అద్దంలా ఉంటుంది, కానీ నీళ్లు నిలవకుండా వాలు పెట్టి కడతారు. అందుకని నేలను నమ్మకుండా పని చేసే పద్ధతి చెబుతాను. తాపీమేస్త్రి వాడే తూకం గుండు దారాన్ని చక్రం పక్కన వేలాడదీయండి. దారం నుంచి రిమ్ము పై అంచుకు, కింది అంచుకు దూరం కొలవండి. తర్వాత కారును అదే చోట ముఖం వెనక్కి తిప్పి నిలిపి, అవే కొలతలు మళ్లీ తీయండి. రెండింటి సగటులో నేల వాలు కొట్టుకుపోతుంది. రిమ్ము అంచు నుంచి అంచుకు 360 మిల్లీమీటర్లు ఉంటే, పైకీ కిందికీ 6.3 మిల్లీమీటర్ల తేడా ఒక డిగ్రీ, 3 మిల్లీమీటర్లు దాదాపు అర డిగ్రీ. పైన దూరం ఎక్కువ ఉంటే చక్రం లోపలికి వాలినట్టు. ఎడమ కుడి తేడా అర డిగ్రీ దాటితే మళ్లీ ఆ రెండు బోల్టుల దగ్గరికే వెళ్లాలి.

పెద్దాయన ఇలా కొలిస్తే కుడి చక్రం 2 మిల్లీమీటర్లు లోపలికి, ఎడమది 4 మిల్లీమీటర్లు బయటికి వచ్చాయి. అంటే దాదాపు ఒక డిగ్రీ తేడా. ఎడమ వైపు బోల్టులు వదిలి హబ్బును లోపలికి తోసి బిగించాక లాగడం ఆగిపోయింది. ఆయన తిప్పిన టై రాడ్‌ను మళ్లీ వెనక్కి తిప్పించాల్సి వచ్చింది.

ఇప్పుడు టో. రెండు పీవీసీ పైపులు కావాలి. చెరువుల దగ్గర మిగిలిన ముక్కలు చాలు, కారు వెడల్పు కంటే ఒక అడుగు ఎక్కువ ఉండాలి. రెండు పైపులనూ పక్కపక్కన కట్టి, రెండు కొసలా రెండింటికీ ఒకేసారి రంపంతో గాడి పెట్టండి. విడివిడిగా కోస్తే దూరాలు కలవవు. ఒక పైపును ముందు బంపరుకు ముందు, రెండోదాన్ని వెనక బంపరు వెనక, హబ్బు ఎత్తున స్టూళ్ల మీద పెట్టి, గాళ్లలోంచి వలలు అల్లే నైలాన్ దారం బిగించి లాగండి. కొబ్బరి తాడు సాగుతుంది, పనికిరాదు. ముందు ఎడమ హబ్బు నుంచి దారానికి ఎంత దూరమో ముందు కుడి హబ్బు నుంచీ అంతే ఉండాలి. వెనక ఎడమ, వెనక కుడి కూడా అలాగే. ముందు కొలత, వెనక కొలత ఒకటి కానక్కర్లేదు. చాలా కార్లలో ముందు చక్రాల మధ్య దూరం, వెనక చక్రాల మధ్య దూరం వేరు.

స్టీరింగు నిటారుగా పెట్టి సీటుకు తాడుతో కట్టేయండి. ఒక్కో చక్రానికి రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి స్టీలు స్కేలుతో కొలవండి. ముందు దూరం ఎక్కువైతే టో లోపలికి ఉన్నట్టు. వెనక చక్రాలు కూడా కొలిచి రాసుకోండి. చిన్న కార్లలో చాలావాటికి వెనక మార్చే ఏర్పాటు లేదు, కానీ వెనక ఇరుసు వంకర ఉంటే ముందు ఎంత దిద్దినా స్టీరింగు నిటారుగా నిలవదు.

ఒక్క మిల్లీమీటరుకు ఇంత హడావిడా అని అడుగుతారు. 360 మిల్లీమీటర్ల మీద ఒక మిల్లీమీటరు తప్పితే ఆ టైరు ప్రతి కిలోమీటరుకు దాదాపు 2.8 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతుంది. 60 కిలోమీటర్లు వెళ్లేసరికి దాదాపు 170 మీటర్లు రబ్బరును తారు మీద అడ్డంగా రుద్దినట్టు. టైరు మీద అరచేయి బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి జరపండి. ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపం పళ్లలా గుచ్చుకుంటే అది టో తప్పిన టైరు.

టై రాడ్ తిప్పడం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ముందురోజు రాత్రి లాక్ నట్టుకు తుప్పు వదిలించే నూనె పట్టించండి. స్టీరింగు ర్యాక్ (టై రాడ్లను పక్కకు జరిపే పళ్ల కడ్డీ) రబ్బరు తొడుగు క్లిప్పు వదలండి, లేకపోతే తొడుగు మెలిపడి చిరుగుతుంది. ర్యాక్ ఇరుసుకు వెనక ఉన్న కార్లలో టై రాడ్ పొడవు పెంచితే టో లోపలికి వస్తుంది. రెండు వైపులా సమంగా, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున తిప్పి, కారు ముందుకు నెట్టి, మళ్లీ కొలవండి.

అభ్యాసం: ఈ వారం ఏ నట్టూ తిప్పకండి. క్యాంబర్, టో కొలతలు ఉదయం మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు తీయండి. ప్రతిసారీ పైపులు, దారాలు పూర్తిగా తీసేసి, కారును కాస్త నడిపి తెచ్చి, మొదటి నుంచి కట్టండి. నోటు పుస్తకంలో నాలుగు చక్రాలకూ నాలుగు గళ్లు గీసి, ఆరు కొలతలూ పక్కపక్కన రాయండి. ఒకే చక్రానికి ఆరు టో కొలతలు ఒక మిల్లీమీటరు లోపు కలిసేవరకు చేస్తూనే ఉండండి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకు ఇది కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. కలిశాక దగ్గర్లో ఉన్న కంప్యూటర్ అలైన్‌మెంటు షాపుకు వెళ్లండి. ఏదీ తిప్పకముందు వచ్చిన కొలతల చీటీ అచ్చు తీసి ఇమ్మని అడిగి, డబ్బిచ్చి, దాన్ని మీ నోటు పుస్తకంలో అంటించండి. రెండు లెక్కలూ ఎక్కడ కలవలేదో గుండ్రంగా చుట్టి ఉంచండి. వచ్చే పాఠం ఆ చుట్టిన అంకెల దగ్గరే మొదలుపెడదాం.