ధ్రువ అయనావరణం: రాడార్ కొలతను మోడల్ పక్కన పెట్టేముందు

అయనావరణం అంటే పై వాతావరణంలోని విద్యుదావేశ పొర. అందులో ఎలక్ట్రాన్ల సాంద్రతను కొలిచే నార్వేలోని స్వాల్‌బార్డ్, ట్రోమ్సో రాడార్ల డేటా బెంగళూరులో కూర్చుని తెచ్చుకోవడం కష్టం కాదు. మాడ్రిగల్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో పేరు, ఈమెయిల్, సంస్థ ఇస్తే ఆ రాడార్లను నడిపే ఐస్కాట్ సంస్థ ఫైళ్లు దిగుతాయి. చిక్కంతా ఆ తర్వాతే. రాడార్ చెప్పేది ఆ నిమిషం సంగతి, ఐఆర్‌ఐ (అయనావరణానికి అంతర్జాతీయ ప్రామాణిక నమూనా) మోడల్ చెప్పేది ఆ నెల మధ్యస్థం. ఒక్క రాత్రి కొలత చూసి మోడల్ తప్పనడం, మార్చిలో ఒక సాయంత్రం వాన పడిందని సగటు వర్షపాతం పట్టికను చింపేయడం లాంటిది.

ముందు గడియారం సరిచూడండి. ఫైల్లో సమయం యునిక్స్ సెకన్లలో ఉంటుంది. పైథాన్‌లో టైమ్‌జోన్ చెప్పకుండా మారిస్తే మీ ల్యాప్‌టాప్ దాన్ని మన సమయంగా చూపిస్తుంది, అంటే గ్రాఫ్ 5:30 గంటలు జరుగుతుంది. ఐఆర్‌ఐ ఫోర్ట్రాన్ కోడ్‌లో ఇంకో ఉచ్చు ఉంది: గంటను మామూలుగా ఇస్తే స్థానిక సమయం అనుకుంటుంది, యూటీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కావాలంటే 25 కలపాలి. అది మరిస్తే ట్రోమ్సో దగ్గర గంటా పావు తేడా వస్తుంది. చూడ్డానికి గ్రాఫ్ బాగానే ఉంటుంది కాబట్టి ఈ తప్పు ఎవరి కంటా పడదు!

తర్వాత చోటు. 45 డిగ్రీల ఎత్తులో ఉత్తరానికి చూసే బీమ్, 300 కి.మీ. ఎత్తుకు చేరేసరికి రాడార్‌కు దాదాపు రెండున్నర అక్షాంశ డిగ్రీల అవతల ఉంటుంది. మోడల్‌కు స్టేషన్ అక్షాంశం కాదు, ప్రతి గేటు (బీమ్ వెంట ఒక్కో కొలత తీసే చోటు) అక్షాంశ రేఖాంశాలే ఇవ్వండి. స్వాల్‌బార్డ్‌లోని 42 మీటర్ల స్థిర డిష్ అయస్కాంత రేఖ వెంట దాదాపు నిలువుగా చూస్తుంది కాబట్టి మొదటి ప్రయత్నానికి అదే మేలు.

శుభ్రం చేసేటప్పుడు ఒకే గేటులో పొడుచుకొచ్చే శిఖరాలను తీసేయండి. అవి చాలాసార్లు ఉపగ్రహాలో, అంతరిక్ష చెత్తో. అయితే 110 కి.మీ. దగ్గర రాత్రిపూట ఉబ్బిన సాంద్రతను చెత్తనుకోవద్దు. అది అరోరా కణాల పని, మోడల్ మధ్యస్థంలో కనిపించనిది. పగటివైపు నుంచి ధ్రువం మీదుగా కొట్టుకొచ్చే ప్లాస్మా (విద్యుదావేశ వాయువు) ముద్దలూ అంతే.

పోలిక సాంద్రతల లాగ్‌లో (పది ఆధారంగా) చేయండి: 0.3 తేడా అంటే రెండింతలు. కనీసం నెల రోజుల డేటాను గంటలవారీగా మధ్యస్థం తీసి, కేపీ సూచిక (భూ అయస్కాంత అలజడి కొలత) తక్కువున్న రోజులను విడిగా గీయండి.

ఎఫ్ పొర (అయనావరణంలో ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉండే పై పొర) మొత్తం ఒకే నిష్పత్తిలో పక్కకు జరిగి కనిపిస్తే మోడల్‌ను వదిలి రాడార్ క్రమాంకనాన్ని (కొలతను అసలు విలువతో సరిపెట్టడాన్ని) అనుమానించండి. ట్రోమ్సోలో డైనాసోండ్ (రేడియో తరంగాలను పైకి పంపి ప్రతిధ్వనిని చూసే పరికరం) ఇచ్చే ఎఫ్2 పొర క్రిటికల్ పౌనఃపున్యాన్ని మెగాహెర్ట్జ్‌లో తీసుకుని, వర్గాన్ని 1.24 × 10¹⁰తో గుణిస్తే ఘనమీటరుకు శిఖర సాంద్రత వస్తుంది. 5 మెగాహెర్ట్జ్‌కు అది 3.1 × 10¹¹. రాడార్ శిఖరం దీనితో కలవకపోతే ముందు ఆ నిష్పత్తితో సాంద్రతను సరిదిద్దాలి, మోడల్ వంతు ఆ తర్వాతే.