ఆస్ట్రేలియా ఆల్ప్స్‌లో వేసవి నడక: సులువైన దారిని ఎంచుకునే పద్ధతి

ఆస్ట్రేలియా ఆగ్నేయ మూలన, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాలలో పరచుకున్న ఎత్తైన పర్వత ప్రాంతాన్ని అక్కడివారు హై కంట్రీ అని పిలుస్తారు. చలికాలంలో మంచుతో కప్పబడి ఉండే ఈ మిట్టలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కాలినడకకు అనువుగా ఉంటాయి. పెద్దగా అలవాటు లేనివారు కూడా ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగల దారులు ఇక్కడ చాలానే ఉన్నాయి. వాటిలో ఏది సులువైనదో తేల్చుకోవడానికి ఎక్కువమంది చూసేది కిలోమీటర్ల లెక్క ఒక్కటే. నా దృష్టిలో అంతకన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: దారిమధ్యలో వాతావరణం మారినా, వెంట వచ్చినవారిలో ఒకరు అలసిపోయినా, ఎక్కడినుంచి వెనక్కి మళ్లవచ్చు, మళ్లితే ఎంతసేపట్లో వాహనం దగ్గరకు చేరవచ్చు? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికే 18 కిలోమీటర్ల దారి, జవాబు దొరకని 10 కిలోమీటర్ల దారికన్నా సులువైనది.

ఆస్ట్రేలియాలో నడకదారులకు 1 నుంచి 5 వరకు గ్రేడ్లు ఇస్తారు. 1వ గ్రేడు దారిలో మెట్లు ఉండవు, నేల చదునుగా ఉంటుంది, దూరం 5 కిలోమీటర్లు మించదు. చక్రాల కుర్చీలో వెళ్లేవారు కూడా ఇంకొకరి సాయంతో వెళ్లగలరు. 2వ గ్రేడులో అక్కడక్కడా మెట్లు, కొద్దిపాటి ఎక్కుడు ఉంటాయి, దూరం 10 కిలోమీటర్ల లోపే. 3వ గ్రేడు దారి 20 కిలోమీటర్ల దాకా సాగవచ్చు. గరుకు నేల, చాలా మెట్లు, చిన్నవే అయినా నిటారుగా ఉండే ఎక్కుళ్లు ఎదురవుతాయి. 4, 5 గ్రేడ్లు అనుభవం ఉన్నవారికి ఉద్దేశించినవి. కొత్తవారు మొదటి రోజున 2వ గ్రేడుతో మొదలుపెట్టి, మరుసటి రోజు 3వ గ్రేడుకు వెళ్లడం మంచిది. అయితే 3వ గ్రేడు కింద ఎన్నో రకాల దారులను ఒకే గాటన కట్టేస్తారన్నది గుర్తుంచుకోవాలి. పైగా గ్రేడు నేల తీరును చెబుతుంది గానీ, చెట్ల నీడ ఎక్కడ అయిపోతుందో, గాలి ఏ వైపునుంచి కొడుతుందో చెప్పదు.

ఒకే శిఖరం, రెండు దారులు

ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా ఎత్తైన కోజియాస్కో శిఖరం (2,228 మీటర్లు) ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. థ్రెడ్‌బో ఊరు సుమారు 1,365 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి చెయిర్‌లిఫ్ట్ (తీగకు వేలాడుతూ కొండపైకి కదిలే కుర్చీ) ఎక్కితే 560 మీటర్ల ఎక్కుడు కాలు కదపకుండానే పూర్తవుతుంది. ఈగిల్స్ నెస్ట్ దగ్గర దిగి, శిఖరానికి వెళ్లి రావడానికి నడవవలసినది 13 కిలోమీటర్లు. ఈ దారిలో చాలాభాగం నేలకు కొంచెం ఎత్తున పరిచిన ఉక్కు జాలీ బాట. జాలీ కంతల్లోంచి వెలుతురు, వాననీరు కిందికి దిగుతాయి కాబట్టి పాదాల కిందనే గడ్డి, పూల మొక్కలు పెరుగుతూ కనిపిస్తాయి. ఎదురుగా వచ్చేవారికి దారి ఇవ్వవలసి వచ్చినప్పుడు కూడా ఒక పక్కకు ఒదిగి నిలబడాలే తప్ప, జాలీ దిగి మొక్కలు తొక్కకూడదు. శిఖరం దాకా వెళ్లాలని లేనివారు సుమారు 2 కిలోమీటర్ల దగ్గర కోజియాస్కో శిఖరం కనిపించే చోటునుంచే వెనుదిరగవచ్చు. చిన్నపిల్లలు వెంట ఉంటే నేను ఈ 4 కిలోమీటర్ల నడకనే సూచిస్తాను.

రెండో దారి షార్లెట్ పాస్ నుంచి మొదలవుతుంది. ఒకప్పుడు కార్లు తిరిగిన పాత రోడ్డు ఇది. ఇప్పుడు నడిచేవారికి, సైకిళ్లకు మాత్రమే వదిలేశారు. శిఖరానికి వెళ్లి రావడానికి 18.6 కిలోమీటర్లు. కాగితం మీద ఇది పెద్ద నడకే, కానీ రోడ్డు వెడల్పుగా, నెమ్మదైన వాలులో సాగుతుంది, దారి తప్పే అవకాశం తక్కువ. అన్నిటికన్నా ముఖ్యంగా, మధ్యలో మజిలీలు ఉన్నాయి: నాలుగైదు కిలోమీటర్ల దగ్గర స్నోయీ నది వంతెన, ఆరు కిలోమీటర్ల ప్రాంతంలో 1929లో కట్టిన సీమన్స్ హట్ అనే రాతి గుడిసె. అంతకుముందు ఏడాది మంచు తుఫానులో చిక్కుకుని మరణించిన ఒక స్కీయింగ్ ఆటగాడి జ్ఞాపకార్థం కట్టిన ఆ గుడిసె, గాలివానలో తలదాచుకోవడానికి ఈనాటికీ పనికొస్తుంది. ఈ మజిలీలలో ఎక్కడ ఆగి వెనుదిరిగినా అది సగంలో వదిలేసిన నడకలా అనిపించదు. థ్రెడ్‌బో దారి దూరంలో చిన్నదైనా, అక్కడ చెయిర్‌లిఫ్ట్ మీద ఆధారపడాలి. గాలి ఎక్కువైనా, మెరుపులు మొదలైనా లిఫ్ట్ ఆపేస్తారు, సాయంత్రం ఆఖరి లిఫ్ట్ దాటిపోతే మిగిలేది మెరిట్స్ దారి వెంట ఊళ్లోకి సుమారు 4 కిలోమీటర్ల నిటారు దిగుడు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి ఆ దిగుడు రోజంతా చేసిన నడకకన్నా కష్టం.

అదే షార్లెట్ పాస్ నుంచి బ్లూ లేక్ వైపు వెళ్లే దారి చూడండి. హిమానీనదం తొలిచిన సరస్సు అది, చూడవలసినదే. కానీ ఈ దారి మొదట్లోనే నిటారుగా స్నోయీ నదిలోకి దిగుతుంది, అక్కడ బండరాళ్ల మీద అడుగులు వేస్తూ నీటిని దాటాలి. రాళ్లు పొడిగా ఉన్న రోజున పిల్లలు కూడా సరదాగా దాటేస్తారు. పెద్ద వాన కురిసిన తరువాత మాత్రం నీరు బండల మీదుగా పారుతుంది, అప్పుడు దాటకూడదు. ఉదయం సులువుగా దాటి వెళ్లినవారు మధ్యాహ్నం వాన తరువాత అవతలి ఒడ్డునే చిక్కుకుపోవచ్చు. దానికి తోడు, దిగుడుతో మొదలైన నడక ఎక్కుడుతో ముగుస్తుంది, అంటే కాళ్లలో సత్తువ తగ్గిన వేళకు అసలైన కష్టం ఎదురవుతుంది. కోజియాస్కోను, ఈ సరస్సులను కలుపుతూ చుట్టి వచ్చే 22 కిలోమీటర్ల మెయిన్ రేంజ్ నడక సులువైనవాటి జాబితాలోకి రాదు. ఫొటోలు చూసి మొదటి రోజే దానికి సిద్ధపడవద్దు.

అంత ఓపిక లేనివారికి షార్లెట్ పాస్ దగ్గరే స్నో గమ్ చెట్ల మధ్య చెక్క బాట ఉంది, కొన్ని నిమిషాల పని. గుతెగా నుంచి స్నోయీ నది వెంట ఇల్లవాంగ్ అనే బస వరకు వెళ్లి రావడం సుమారు 5 కిలోమీటర్లు. విక్టోరియాలో ఫాల్స్ క్రీక్ దాటాక, బోగాంగ్ హై ప్లెయిన్స్ రోడ్డు పక్కనుంచి కొద్ది దూరం నడిస్తే 1889లో పశువుల కాపరులు కట్టుకున్న వాలెసెస్ హట్ వస్తుంది. మౌంట్ బఫెలోలో ది హార్న్ (1,723 మీటర్లు) దాదాపు పైదాకా రోడ్డు ఉన్నందున చిన్న ఎక్కుడుతోనే అందుతుంది. ఫెదర్‌టాప్ శిఖరానికి తీసుకెళ్లే రేజర్‌బ్యాక్ దారి మాత్రం వెళ్లి రావడానికి 22 కిలోమీటర్లు. పొడవునా గాలికి, ఎండకు ఆచ్ఛాదన లేని గట్టు మీద సాగుతుంది, మధ్యలో పక్కకు దిగి తప్పించుకునే దారి లేదనే చెప్పాలి.

సమయం లెక్క

1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన పాత లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఈగిల్స్ నెస్ట్ నుంచి శిఖరానికి వెళ్లి వచ్చే 13 కిలోమీటర్లకు రెండున్నర గంటలు దాటుతుంది, మూడు వందల మీటర్ల ఎక్కుడుకు మరో అరగంట, అంటే ఆగకుండా నడిస్తే మూడు గంటల పైమాట. కుటుంబంతో నడిచేవారు దీనికి సగం కలుపుకుంటే గానీ తిండికి, విశ్రాంతికి చాలదు. చెయిర్‌లిఫ్ట్ ఆఖరి వేళనుంచి ఈ మొత్తాన్ని వెనక్కి లెక్కించి, బయలుదేరే వేళను, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడున్నా సరే వెనుదిరగవలసిన వేళను నిర్ణయించుకోండి.

వాతావరణం

వెయ్యి మీటర్లు ఎక్కేసరికి ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. థ్రెడ్‌బోలో 20 డిగ్రీలు ఉంటే శిఖరం మీద 14 దాకా ఉంటుందన్నమాట. పడమటి గాలి తోడైతే ఒంటికి అంతకన్నా చాలా తక్కువగా తెలుస్తుంది. ఇక్కడ ఏ నెలలోనైనా మంచు కురిసే అవకాశం ఉంది, జనవరి కూడా మినహాయింపు కాదు. దాదాపు 1,850 మీటర్లు దాటితే చెట్లు ఉండవు. కాబట్టి వాతావరణ శాఖ అంచనాలలో లోయలోని ఊరిది కాకుండా పర్వతం పైభాగానిది చూడాలి. వేసవి మధ్యాహ్నాలలో ఉరుములు, మెరుపులు తరచుగా వస్తాయి. మెరుపు కనిపించిన 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు ప్రమాదం దగ్గరలోనే ఉన్నట్టు, వెంటనే గట్టు దిగాలి. చల్లగాలిలో ఎండ మంట తెలియదు, కానీ ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది. టోపీ, సన్‌స్క్రీన్, గాలివానకు ఆగే జాకెట్, ఒక ఉన్ని దుస్తు, సరిపడా నీరు, ఇవి అరపూట నడకకైనా సంచిలో ఉండాలి.

నెలల మధ్య కూడా తేడా ఉంది. డిసెంబరు మొదట్లో నీడ పక్కన మంచు తెట్టెలు కొన్ని మిగిలి ఉండవచ్చు, వాగులు నిండుగా పారుతాయి. జనవరిలో తెల్లని స్నో డైసీలు, పసుపు బంతుల్లాంటి బిల్లీ బటన్లు మిట్టలను కప్పేస్తాయి. పూల కోసం వెళ్లేవారికి ఇదే అదను, కానీ జోరీగల బెడద కూడా అప్పుడే. ముదురు రంగు బట్టలు వాటిని ఆకర్షిస్తాయి, లేత రంగు పొడుగు చేతుల చొక్కా మేలు. ఫిబ్రవరిలో నేల పొడిగా, నదులు తగ్గి, నడక తేలికవుతుంది. ఎండ కాసే దారులపై కాపర్‌హెడ్, టైగర్ స్నేక్ పాములు కనిపించవచ్చు. ఆగి దారి ఇస్తే అవే తప్పుకుంటాయి. కాటు పడితే మాత్రం ఆ వ్యక్తిని ఒక్క అడుగు కూడా నడిపించకుండా, కాటు పడిన కాలు మొత్తానికీ గట్టిగా బ్యాండేజీ చుట్టి, అక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయాలి.

చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. వెళ్లే దారిని, తిరిగివచ్చే వేళను ఎవరికైనా చెప్పి వెళ్లండి; న్యూ సౌత్ వేల్స్ పార్కుల కార్యాలయాలలో ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే పీఎల్‌బీ పరికరాన్ని ఉచితంగా అరువిస్తారు. నేషనల్ పార్కులోకి పెంపుడు కుక్కలను తీసుకువెళ్లకూడదు. కార్చిచ్చు ప్రమాదం తీవ్రంగా ఉన్న రోజున దారులు మూసేస్తారు గనుక, బయలుదేరే ఉదయాన పార్కుల శాఖ ప్రకటనలు ఒకసారి చూసుకుని, ఎంచుకున్న దారి మూతపడితే వెళ్లడానికి తక్కువ ఎత్తున ఉన్న మరో నడకను ముందే అనుకుని పెట్టుకోండి.