ఆంప్లిఫయర్‌కి స్పీకర్లు కలిపే ముందు

ముందు ఆంప్లిఫయర్ ఆపేసి, ప్లగ్ కూడా పీకేయండి.

అన్నిటికంటే ముఖ్యం ఓమ్స్, అంటే స్పీకర్ కరెంటుకి ఇచ్చే అడ్డు కొలత. స్పీకర్ వెనక 8 అనో 4 అనో రాసి ఉంటుంది. రెండు 8 ఓమ్స్ స్పీకర్లను ప్యారలల్‌గా (ఎరుపులు ఒకచోట, నలుపులు ఒకచోట) కలిపితే ఆంప్లిఫయర్ మీద పడే లోడ్ 4 ఓమ్సే. సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) అయితే 16. ఆంప్లిఫయర్ మీద కనీసం 8 అని ఉంటే ప్యారలల్ జోలికి పోవద్దు, వేడెక్కి కాలిపోవచ్చు.

వాట్స్‌లో ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) అంకెనే చూడండి. పెట్టె మీద వేసే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) వేల అంకెలు దేనికీ పనికిరావు.

ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. ఒక స్పీకర్‌కి తిరగబడితే బేస్ పలచబడిపోతుంది. వైరు కొసలు గట్టిగా మెలిపెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా షార్టే.

వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆన్ చేయండి. మిక్సర్ ఉంటే ముందు అది, ఆఖరున ఆంప్లిఫయర్. ఆపేటప్పుడు ఆంప్లిఫయరే ముందు. సౌండ్ చీలుతుంటే వెంటనే తగ్గించండి, మొదట పోయేది సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్, ట్వీటరే.