మొదటి ప్లాటు: బయానాకు ముందు చూడవలసిన కాగితాలు

హైదరాబాద్ పరిసరాల్లో తొలిసారి స్థలం మీద డబ్బు పెట్టేవారు గజం ధర ఎంత, రెండేళ్లలో ఎంత పెరుగుతుంది అన్న లెక్కలతోనే తృప్తి పడుతుంటారు. అసలు పని స్థలం నచ్చిన తరువాత, బయానా ఇవ్వకముందు జరగాలి.

ఖాళీ స్థలానికి అద్దె రాదు, అవసరానికి వెంటనే అమ్ముడుపోదు కూడా. కాబట్టి కొన్నేళ్లపాటు కదిలించనక్కరలేని సొమ్మే పెట్టాలి. ధరతో పాటు రిజిస్ట్రేషన్ ఖర్చులను కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

లేఅవుటుకు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) లేదా డీటీసీపీ (పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) తుది అనుమతి ఉందో లేదో, కొనబోయే ప్లాటు లేఅవుటు వేసినవారు ఆ సంస్థకు తనఖా పెట్టినవాటిలో ఉందేమో చూడాలి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన ప్రాజెక్టును నమోదు చేయకుండా అమ్మకూడదు. రిజిస్టరయిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఈ నమోదు, అనుమతులు రాకముందే అమ్మే ప్రీలాంచ్ ఆఫర్ల చవకదనం ఎక్కడి నుంచి వస్తుందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఈసీకి, అంటే ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌కు. ప్లాటు నంబరుతో మాత్రమే తీస్తే లేఅవుటు పడకముందు జరిగిన లావాదేవీలు బయటపడకపోవచ్చు గనుక, సర్వే నంబరుతో కూడా కనీసం 30 ఏళ్లకు తీయించి, లింకు డాక్యుమెంట్లను (ఆ స్థలం పాత దస్తావేజులను) పక్కన పెట్టుకుని, ఒక దస్తావేజులో కొన్నవారే తరువాతి దానిలో అమ్మారా, నాలుగు వైపుల హద్దులు కలుస్తున్నాయా అని వరుసగా చూడాలి. విస్తీర్ణాన్ని కూడా కూడి చూడాలి: ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. సర్వే నంబరులో నాలుగెకరాలే ఉండి, అమ్మిన వాటాలన్నీ కలిపితే నాలుగున్నర తేలితే, ఆ అరెకరం కొన్నవారి చేతిలో కాగితం తప్ప నేల ఉండదు.

ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి. వారసుల తగాదాలు, కోర్టు కేసులు సాధారణంగా కనిపించవు. అందువల్ల పాత పహాణీలను (రెవెన్యూ భూమి రికార్డులను), రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాను, చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దులను న్యాయవాదితో పరిశీలింపజేయాలి. ఆ న్యాయవాది అమ్మేవారు చూపించిన మనిషి కాకూడదు. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) అని తేలితే బేరం అక్కడితో ఆపేయడమే మేలు. 1977 నాటి చట్టం దాని బదిలీని నిషేధించింది.

ఇవన్నీ సరిపోయాకే బయానా బ్యాంకు ద్వారా చెల్లించి, అగ్రిమెంటులో సర్వే నంబరు, హద్దులు, గడువు రాయించుకోవాలి. రిజిస్ట్రేషన్ కాగానే హద్దురాళ్లు పాతించి, ఖాళీ స్థలం పన్నును తమ పేరు మీదికి మార్పించుకోవాలి.