నాలుగో బీపీ గోలీకి ముందు అడగవలసిన ప్రశ్న

రక్తపోటు ఉన్న పెద్దల్లో చాలామందికి ఫలానా జబ్బు వల్ల వచ్చిందని చెప్పలేము కానీ, ప్రతి వందమందిలో సుమారు 5 నుంచి 10 మందికి మాత్రం దాని వెనుక మరో జబ్బో, ఏదో మందో ఉంటుంది. ముప్పై ఏళ్లలోపే బీపీ వచ్చినా, 55 దాటాక హఠాత్తుగా పెరిగినా, మూత్రం ఎక్కువగా పోయించే మందుతో సహా మూడు రకాల గోలీలు సక్రమంగా వేసుకుంటున్నా 140/90 కిందికి దిగకపోయినా, నాలుగోది రాయించుకునే ముందు 'ఇది నాకెందుకు వచ్చింది?' అని డాక్టర్‌ను అడగండి.

వెతుకులాట ఇంట్లోని మందుల సంచితోనే మొదలుపెట్టాలి. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో పత్తి ఏరే రోజుల్లో, మిరపకాయలు తెంపే రోజుల్లో నడుము నొప్పికి, మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర గోలీలు, సూదులు తీసుకోవడం మామూలైపోయింది. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి బీపీని పెంచడమే కాక, నెలల తరబడి వాడితే కిడ్నీలనూ దెబ్బతీయగలవు. స్టెరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలు, ముక్కుదిబ్బడ మందులు కూడా బీపీని పెంచవచ్చు. దగ్గుకని రోజూ వాడే అతిమధురం సైతం పొటాషియాన్ని తగ్గించి బీపీని పెంచుతుందని చాలామందికి తెలియదు. పేరు తెలియని గోలీ అయితే దాని అట్టనే తీసుకెళ్లి చూపించండి.

తరువాత చూడవలసినవి కిడ్నీలు. మూత్రంలో నురగ, పొద్దున లేవగానే ముఖం ఉబ్బడం, కాళ్ల వాపు వంటివి కనిపించేదాకా ఆగకూడదు, ఎందుకంటే తొలిదశలో ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు ముందుగా చేయించాలి. అవసరాన్ని బట్టి పొట్ట స్కానింగ్ రాస్తారు. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ గోలీలు మొదలుపెట్టాక క్రియాటినిన్ 30 శాతానికి మించి పెరిగితే, కిడ్నీకి రక్తం తెచ్చే ధమని సన్నబడిందేమోనని అనుమానించాలి.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువగా మరుగున పడిపోతున్నది ఆల్డోస్టిరాన్ జబ్బు. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి ఈ హార్మోన్‌ను అతిగా వదిలితే ఉప్పు నిలిచి, పొటాషియం బయటికి పోతుంది. అయితే పొటాషియం మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదనుకోకూడదు. ఆల్డోస్టిరాన్‌కూ, కిడ్నీలు వదిలే రెనిన్‌కూ మధ్య నిష్పత్తి చూసే రక్తపరీక్షతో ఈ జబ్బును అనుమానించాలో లేదో తెలుస్తుంది. ఒకవైపు గ్రంథిలోనే లోపముంటే ఆపరేషన్‌తో బీపీ నయమయ్యే అవకాశం కూడా ఉంది. అదే గ్రంథిలో వచ్చే ఒక రకం గడ్డ వల్ల తలనొప్పి, చెమటలు, గుండెదడ ఒక్కసారిగా వచ్చి పోతుంటాయి, కానీ అది చాలా అరుదు. థైరాయిడ్ తేడా కూడా బీపీని పెంచవచ్చు; అది చూడటానికి ఒక్క రక్తపరీక్ష చాలు.

గురక సంగతి రోగికి తెలియదు కనుక ఇంట్లోవాళ్లను అడగాలి: నిద్రలో ఊపిరి ఆగడం కూడా బీపీని పెంచుతుంది కనుక, అలా ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే నిద్ర పరీక్ష అవసరం. చిన్నవయసువారికి రెండు చేతులకూ, ఒక కాలికీ బీపీ చూడమని కోరండి; కాలిలో బాగా తక్కువగా ఉంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం (మహాధమని) పుట్టుకతోనే ఇరుకుగా ఉండి ఉండవచ్చు.

ఆసుపత్రికి వెళ్లేముందు వారం రోజులపాటు రోజూ, ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు బీపీ చూసి రాసుకోండి. వరంగల్‌లోని ఎంజీఎం వంటి పెద్దాసుపత్రిలోనైనా మొదట జనరల్ మెడిసిన్ ఓపీలోనే ఆ కాగితం, పాత రిపోర్టులు, మందుల సంచి చూపించండి. ఈలోగా వాడుతున్న బీపీ గోలీలను సొంతంగా ఆపకండి. 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం వంటివి ఏవైనా కనిపిస్తే పరీక్షల కోసం ఎదురుచూడక వెంటనే 108కి ఫోన్ చేయండి.